కుక్కవామింట కేసు

మీరు ఈ ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఎవరో ఒక రైతు గట్టు మీది మొక్క పీకి మీ చేతిలో పెట్టి, "ఇదేంది సార్?" అని అడుగుతాడు. ఆయనకు దాని పేరు తెలియక కాదు. ఆయన తాతకూ తెలుసు. మీకు తెలుసో లేదో కనుక్కోవడానికి అడుగుతాడు. నన్ను అడిగినప్పుడు నేను కళ్లద్దాలు తుడుచుకుంటూ, "దీని మీద పరిశోధన జరుగుతోంది" అన్నాను. అది చెంచలాకు. ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో నేను రెండుసార్లు వడ్డించుకున్న పప్పులో ఉన్నదీ అదే. ఆ ఊరివాళ్లు నాకు బదిలీ అయ్యేదాకా నన్ను "పరిశోధన సారు" అనే పిలిచారు.

నేను వ్యవసాయ శాఖలో డిమాన్‌స్ట్రేటరుగా చేరింది ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో. మాది ఖాజీపేట దగ్గర పల్లె. నాయన పురోహితుడు. కాలేజీలో ఏం చదివినా, నిజంగా గుర్తుపట్టగలిగిన మొక్కలు వినాయక చవితి పత్రిలోని ఇరవై ఒకటే. అందులోనూ దేవదారుకు బదులు మా ఇంట్లో ఏదో ఒక ఆకు వేసేవాళ్లం. మిగిలిన మొక్కలన్నీ ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తాలూకాల్లో సైకిలు తొక్కుతూ నేర్చుకున్నాను. ప్రమోషన్ల సంగతి ఇక్కడ రాయను. అవి వయసు వచ్చినట్టే వస్తాయి. కొత్తగా చేరేవాళ్లకు పనికొచ్చేది నా ఉద్యోగంలో ముఖ్యంగా ఒక్క కేసు ఉంది. అది ఆ మూడింట్లో ఏ తాలూకాలో జరిగిందో చెప్పను. కనుక్కుందామని బయలుదేరినా లాభం లేదు, ఆ మొక్క మూడు చోట్లా ఉంది.

ముందు మొక్కను గుర్తుపట్టండి

కుక్కవామింట ఏడాది మొక్క. వాన పడిన వారానికి మొలుస్తుంది, మోకాలు దాటి పెరుగుతుంది, పూసి, కాసి, గింజలు రాల్చి ఎండిపోతుంది. నాలుగు రేకుల పసుప్పచ్చ పువ్వు. ఒక్కో కాడకు మూడో ఐదో ఆకులు చేతివేళ్లలా విడివడి ఉంటాయి. కాయలు సన్నగా, పొడుగ్గా, నిటారుగా నిలబడతాయి. లోపల ఆవాలకంటే చిన్న గింజలు. తెల్ల పువ్వు పూసేది, జనం కూర వండుకునేది వామింట. అది వేరు. రెంటినీ కలిపేశారంటే కలుపు తీసే ఆడవాళ్లు మీ ముఖం మీదే నవ్వుతారు, నవ్వాలి కూడా.

వీటన్నిటికంటే పెద్ద గుర్తు, ముట్టుకుంటే అంటుకుంటుంది. ఆకుకు, కాడకు, కాయకు అంతటా జిగురు నూగు. ఘాటు వాసన. పంచెకు అంటుకుంటే పంచె, కాగితానికి అంటుకుంటే కాగితం చిరగాల్సిందే గానీ అది ఊడిరాదు. ఈ జిగురు సంగతి జ్ఞాపకం పెట్టుకోండి. కేసంతా దీనివల్లే వచ్చింది.

తహసీల్దారు అడిగిన ప్రశ్న

ఓబుళమ్మ అనే ఆవిడ భర్త పోయిన దగ్గర నుంచి రెండెకరాల సర్కారు బంజరును బాగుచేసుకుని కొర్ర, జొన్న వేసుకుంటోంది. అప్పటికి పదిహేనేళ్లు. దానికి పట్టా ఇమ్మని దరఖాస్తు పెట్టుకుంది. అదే నేల మీద ఆ ఊరి మునసబు బావమరిదికి కూడా కన్ను పడింది. అది ఎవరి సాగులోనూ లేని ఉత్త బీడని, తనకిమ్మని ఆయనా దరఖాస్తు పెట్టాడు. ఊరి లెక్కలు రాసేవాళ్లంతా ఆయనకు కావలసినవాళ్లు. కాబట్టి పదిహేనేళ్లలో ఓబుళమ్మ పేరు ఒక్క కాగితం మీదా పడలేదు.

అది సాగు నేల అయితే ఓబుళమ్మది, బీడు అయితే బావమరిదిది. దురదృష్టం ఏమంటే అప్పటికి రెండేళ్లుగా వానల్లేవు, ఆమె విత్తనమే వేయలేదు. మధ్యలో ఒక్క వాన పడి నేలంతా కుక్కవామింట మొలిచింది. సరిగ్గా అప్పుడే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వెంకటసుబ్బయ్యగారు వచ్చి చూసి, "భూమి నిండా కలుపు ఉన్నది" అని రాసుకుపోయాడు.

ఆ తాలూకా తహసీల్దారు చాలా తర్కం చదివిన మనిషి. కలుపు అంటే పంటలో మొలిచేది కదా, పంటే లేనిచోట మొలిచిన దాన్ని కలుపు అనవచ్చునా అని ఆయనకు సందేహం వచ్చింది. మా శాఖకు రాశాడు. "సదరు మొక్క సేద్యపు నేలలో మొలుచునదా, బీడులో మొలుచునదా? గుర్తించి తెలుపవలెను." ఒక మనిషి బతుకుతెరువు ఆ మొక్క మీద పెట్టి మా ఆఫీసుకు పంపించాడు.

నేను సైకిలు మీద పోయాను. ఓబుళమ్మకు నలభై ఏళ్లుంటాయి. ఎండకు కమిలిన మనిషి, కొంగు నడుముకు బిగించి గట్టు మీద నిలబడి ఉంది.

"ఏం చూసేదానికి వచ్చినావు సామీ?"

"ఈ మొక్క ఏమిటో కనుక్కోవడానికి వచ్చానమ్మా."

ఆమె మొక్కను చూసింది, నన్ను చూసింది, నా సైకిలును చూసింది. "కుక్కవామింట. దీని పేరు కనుక్కునేదానికి సర్కారు జీతమిచ్చి మనిషిని పెట్టుకున్యాదా?"

"పేరు నాకూ తెలుసు. ఇది సేద్యంలో మొలుస్తుందా, బీడులో మొలుస్తుందా అని అడుగుతున్నారు."

"దానికేం ఎరుక సామీ, యాడ వాన పడితే ఆడ మొలుస్తాది. రోడ్డు పక్కన మొలుస్తాది, మా మిద్దె మీద మొలుస్తాది. మీ ఆఫీసు ముందర ల్యాదా?"

మా ఆఫీసు ముందర ఉంది. మెట్ల పక్కనే ఉంది.

నిజం అంతే. పుస్తకాలు కూడా అదే చెబుతున్నాయి, పొలాల్లోనూ బీళ్లలోనూ విరివిగా మొలిచే ఏడాది మొక్క అని. అదే రాసి మా ఆఫీసరు ముందు పెట్టాను. ఆయన కృష్ణా జిల్లా మనిషి. మాగాణి చూసిన కళ్లతో మా రేగడి నేలల్ని చూసి రోజుకోసారి నిట్టూర్చేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఆయనకు ఉన్నది ఒక్కటే జబ్బు, ఏ కాగితమూ ఆయన బల్ల మీద ఉండకూడదు.

"రెండు చోట్లా మొలుస్తుందని రాశావేమిటయ్యా? ఆయన అడిగింది అదా ఇదా అని."

"రెండూనండి."

"రెండూ అంటే జవాబు కాదు. పైగా కుక్కవామింట అని రాశావు. కుక్కేమిటి, సర్కారు జాబులో! లాటిన్ పేరు రాయి."

"దీనికి రెండు లాటిన్ పేర్లున్నాయండి, ఒక పుస్తకంలో ఒకటి, ఇంకో పుస్తకంలో ఇంకొకటి."

"దీనికి అన్నీ రెండేనా!" అని విసుక్కుని, మొక్కను పీకి నిపుణుడికి పంపమన్నాడు. బల్ల ఖాళీ అయింది.

పొట్లం

ఇక్కడ నా తప్పు మొదలవుతుంది. శ్రద్ధగా చదవండి, ఎందుకంటే ఇదే తప్పు మీరూ చేస్తారు.

మద్రాసు నుంచి విడిపోయి కర్నూలులో డేరాల్లో ఆఫీసులు నడుస్తున్న రోజులవి. మొక్కలు గుర్తుపట్టే పెద్దమనిషి అవతలి రాష్ట్రంలో మిగిలిపోయాడా, ఇవతలికి వచ్చాడా, వస్తే ఏ డేరాలో ఉన్నాడు అన్నది తేలడానికే రెండు నెలలు పట్టింది. ఆయన ఎక్కడ ఉన్నట్టు తేలిందో కూడా చెప్పను.

ఆ రెండు నెలలూ కుక్కవామింట నా గదిలో పాత పత్రికల మధ్య ఉంది. పువ్వు, కాయ, వేరు అన్నీ ఉన్న మంచి మొక్క. పురుగు పట్టకుండా మధ్యలో మూడు వేప రెమ్మలు పెట్టాను. మా అమ్మ పట్టుచీరల మడతల్లో, నాయన పంచాంగాల సంచిలో వేపాకు వేసేది. నాకు తెలిసిన శాస్త్రం అదే. చిరునామా తేలగానే అంతా కలిపి పొట్లం కట్టి, ఎర్రగుంట్ల స్టేషనులో పార్సెలు చేసి వచ్చాను. జాబులో "మొక్క పంపడమైనది, గుర్తించి తెలుప ప్రార్థన" అని రాశాను. వేపాకు సంగతి రాయలేదు. రాయాలని తోచనే లేదు.

ఆ తర్వాత జరిగింది నేను ఊహించి చెబుతున్నదే. అక్కడ ఎవరో పొట్లం విప్పి ఉంటారు. కుక్కవామింట పత్రికలకు కరుచుకుని, ఆ అక్షరాల్లో కలిసిపోయి, ఒక జిడ్డు మరకలా మిగిలి ఉంటుంది. పత్రికలు తీసి బుట్టలో పడేసి ఉంటారు. చేతిలో మిగిలినవి మూడు వేప రెమ్మలు.

ఐదు నెలలకు జవాబు వచ్చింది. నేను పులివెందుల వైపు వేరుశనగ పొలాల్లో క్యాంపులో ఉన్నాను. మా ఆఫీసరు ఆ జాబును ఒక్క పూట కూడా బల్ల మీద ఉంచకుండా తహసీల్దారుకు పంపేశాడు. నేను తిరిగి వచ్చి నకలు చూశాను. "మీరు పంపిన మూడు నమూనాలు పరిశీలించడమైనది. మూడూ వేప. ఇది పెద్ద వృక్షము. కలుపు మొక్క కాదు. నమూనాలు ఆరోగ్యముగా ఉన్నవి."

నేను పరుగెత్తుకుంటూ మా ఆఫీసరు దగ్గరికి పోయాను. "అది పురుగు పట్టకుండా పెట్టిన ఆకండీ!"

"నిపుణుడు వేప అన్నాడా లేదా?"

"అన్నాడండి. అది వేపే. కానీ..."

"అది వేప అని ఆయనా అన్నాడు, నువ్వూ అన్నావు. ఇద్దరూ ఒప్పుకున్నాక ఇంక కానీ ఏమిటయ్యా?"

వేపచెట్ల లెక్క

సర్కారు బంజరులో ఉన్న చెట్టు సర్కారుది. అనుమతి లేకుండా కొట్టకూడదు. తహసీల్దారు మా జాబు చదివి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. ఆ నేలలో వేపచెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రమ్మని వెంకటసుబ్బయ్యగారిని పంపించాడు.

వెంకటసుబ్బయ్యగారు అంతకుముందే ఆ నేలను కళ్లారా చూసిన మనిషి. ఒక్క చెట్టూ లేదని ఆయనకు తెలుసు. అయినా పోయాడు, రెండెకరాలూ నాలుగు మూలలా తిరిగాడు. తిరిగి వచ్చి రాశాడు: "వ్యవసాయ శాఖవారు తనిఖీ చేసిన కాలమున ఉండిన వేపచెట్లు ప్రస్తుతము కానరావు." తర్వాత నేను ఆయన్ని నిలదీశాను.

"అట్లెట్లా రాసినారు వెంకటసుబ్బయ్యగారూ? మీరే కదా మొదట కలుపు అని రాసింది!"

"ఏంజేయమంటావప్పా? చెట్లు లేవని రాస్తే మీ శాఖ అబద్ధం చెప్పినట్టయితాది. ఉండాయని రాస్తే నేను అబద్ధం చెప్పినట్టయితాది. ఇట్ల రాస్తే ఇద్దరమూ మర్యాదగా ఉంటాము."

మర్యాదగా లేనిది ఓబుళమ్మ ఒక్కతే. ఉన్న చెట్లు కానరాకపోతే ఎవరో కొట్టినట్టు. ఎవరు కొట్టినట్టు? ఆ నేలలో ఉన్న మనిషి. ఆమెకు నోటీసు పోయింది. సదరు సర్వే నెంబరు భూమిని చాలాకాలముగా అనుభవించుచు, అందలి వేపచెట్లను అనుమతి లేకుండా నరికినందుకు చర్య ఎందుకు తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెనని.

నోటీసు సంగతి నాకు తెలిసింది. పట్టా రాకపోవడం అలా ఉంచి, నా మూడు రెమ్మలవల్ల ఒక దిక్కులేని మనిషి జైలుకు పోయేట్టుంది. జరిగిందంతా ఒక కాగితం మీద రాసుకుని, కింద సంతకం చేసి, జేబులో పెట్టుకుని ఆమె దగ్గరికి బయలుదేరాను. ఎదురుగాలి. దారి పొడవునా ఆమె కాళ్ల మీద పడాలా, చేతులు జోడిస్తే చాలా అని ఆలోచిస్తూ తొక్కాను.

ఓబుళమ్మ ఇంటి ముందు కూర్చుని చెరుగుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టి, లోపలికి పోయి నోటీసు తెచ్చింది.

"ఇస్కూలు అయివారితో మూడుసార్లు సదివిచ్చుకుంటిని. నువ్వు ఇంగోసారి సదువు సామీ. నా పేరు ఉండాదా?"

"ఉందమ్మా."

"నా నేల నెంబరు?"

"ఉంది. అమ్మా, ఆ కాగితం తప్పు. ఆ తప్పు నాది. నేను పోయి తహసీల్దారుకు అంతా చెప్పేస్తాను."

"శానాకాలంగా ఆ నేలలో ఉండానని రాసుండాదంట గదా. యాడ, ఆ మాట ఒక్కటీ సదువు."

చదివాను. ఆమె కళ్లు మూసుకుని వింది. కన్నీళ్లు చెంపల మీదికి జారాయి, తుడుచుకోలేదు.

"పదైదేండ్లు సామీ. రాళ్లు ఏరితిని, గట్టు ఏస్తిని, నా మొగుణ్ని ఆ దావనే తీసకపోయి మట్టి చేస్తిమి. నేను ఆడ ఉండానని ఒక్క కాగితం పుట్టల్యా. ఇప్పుడు పుట్టింది."

"చెట్లు కొట్టావని పుట్టిందమ్మా. కేసు పెడతారు!"

"పెట్టుకోనీ. నా పేరు మీదనే గదా పెట్టేది?"

నేను జేబులోని కాగితం బయటికి తీశాను. ఆమె దాన్ని చదవలేదు, కానీ అదేమిటో నా ముఖం చూసి అర్థం చేసుకుంది.

"నువ్వు మంచోనివే సామీ. ఎండలో ఇంత దూరం వచ్చినావు. కొంచెం మజ్జిగ తాగు. తాగి, నోరు మూసుకోని పో."

విచారణ

నన్ను కూడా సాక్షిగా పిలిచారు. తాలూకా కచేరీలో ఒక పక్క ఓబుళమ్మ, ఒక పక్క మునసబు బావమరిది, గోడ వారగా నేను. కాగితం జేబులోనే ఉంది. అప్పటికీ నేను ఏమీ తేల్చుకోలేదు.

తహసీల్దారు మొదలుపెట్టాడు. "చెట్లు కొట్టినావా?"

"కొట్టినా దొరా."

"ఎన్ని?"

"మీ కాగితంలో ఎన్ని ఉంటే అన్ని."

ఆయన కాగితం చూసుకున్నాడు. నమూనాలు మూడు అని ఉంది. మూడు అని రాసుకున్నాడు.

"ఎందుకు కొట్టినావు?"

"నీడ పడితే కొర్ర పండదు దొరా. సేద్యం చేసుకునేదానికి కొట్టినా. పదైదేండ్లు ఆ నీడలోనే ఏగితి, ఈ సామి చూసిపోయినాక మూడూ కొట్టినా."

అది వినేసరికి బావమరిదికి కాళ్ల కింద నేల కదిలినట్టయింది. ఆమె చెట్లు కొట్టి సేద్యం చేసిందంటే అది బీడు కాదు. ఆయన ముందుకు దూకాడు. "అబద్ధం దొరా! ఆడ చెట్లేంది? నేను పుట్టి పెరిగిన ఊరు. ఆ నేలలో యాపచెట్టు అనేదే ల్యా!"

"నువ్వు ఆ నేలను ఎప్పటి నుంచి చూస్తున్నావు?"

"దినామూ చూస్తాండా దొరా. మా పొలానికి దావ అదే. ఈయమ్మ కొర్ర ఏసేది, జొన్న ఏసేది, పక్షులు తోలుకుంటా ఉండేది. చెట్టు ఉంటే నాకు కనపడదా?"

గుమాస్తా ఆ మాటలు పొల్లు పోకుండా రాసుకున్నాడు. తాను ఏమన్నదీ బావమరిదికి అర్థం కావడానికి ఇంకొంచెం సేపు పట్టింది. అప్పటికి ఆయన చేత సంతకం కూడా చేయించుకున్నారు.

తర్వాత తహసీల్దారు నా వైపు తిరిగాడు. "పొట్లం మీరే కట్టారా?"

"అవునండి."

"అందులో వేప రెమ్మలు ఉన్నాయా?"

ఓబుళమ్మ నన్ను చూసింది. బతిమాలే చూపు కాదు. సగం పని చేసిపెట్టి, తక్కినది నువ్వు చెడగొట్టకు అని కూలివాడికి చెప్పే చూపు. నా చేయి జేబు మీదికి పోయింది. అక్కడే ఉండిపోయింది.

"ఉన్నాయండి. మూడు" అన్నాను.

ఎక్కడివని ఆయన అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్నో ఇప్పటికీ నాకు తెలియదు. మీకు నేను నేర్పేది ఇది కాదు. తప్పు చేస్తే అదే రోజు రాతమూలకంగా ఒప్పుకోండి. నా కింద పనిచేసిన ప్రతివాడికీ ఇదే చెప్పాను, నేనూ ఆ తర్వాత ఎప్పుడూ దాచలేదు. ఆ ఒక్కసారి మాత్రం నేను నిజం చెబితే దానివల్ల బాగుపడేది నా మనస్సాక్షి ఒక్కటే. నేల మునసబు బావమరిదికి పోయేది.

తీర్పు రావడానికి ఇంకో ఏడాది పట్టింది. ఈలోగా ఆంధ్ర రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయింది. పాత కాగితం మీద ప్రదేశ్ అని చేత్తో రాసి ఉత్తర్వు పంపించారు. ఓబుళమ్మ దీర్ఘకాలంగా సాగులో ఉన్నట్టు ఆమె ఒప్పుకోలు వల్లా, ప్రతివాది సాక్ష్యం వల్లా రుజువైనందున పట్టా ఇవ్వాలని, నరికిన మూడు వేపచెట్లకు బదులు మూడు మొక్కలు నాటి పెంచాలని షరతు. కుక్కవామింట సేద్యపు మొక్కా, బీడు మొక్కా అన్న ప్రశ్న ఆ ఫైలులో ఇంకా అలాగే ఉండి ఉంటుంది.

మూడు చెట్లు

రిటైరయ్యే ముందు ఒకసారి ఆ దారిన పోతూ జీపు ఆపించాను. ఓబుళమ్మ ముసలిదైపోయింది, గుర్తుపట్టింది. గట్టు మీద మూడు వేపచెట్లు పెరిగి నిలబడి ఉన్నాయి. వాటి కింద కుక్కవామింట పసుప్పచ్చగా పూసి ఉంది.

"నీడ పడితే కొర్ర పండదన్నావు కదమ్మా?"

"పండల్యా. ఆ మూల ఒక సాలు పోయింది. పోనీలే, సర్కారు కాగితం అబద్ధం కాకూడదు గదా."

అప్పుడు చెప్పాను, ముప్పై ఏళ్లు ఆగి. ఆ పొట్లంలోకి వేపాకు ఎలా వచ్చిందో, మా అమ్మ పట్టుచీరల సంగతి, జిగురు సంగతి, అంతా. ఆమె పూర్తిగా వినకముందే లేచి లోపలికి పోయి, ఒక రేకు పెట్టె తెచ్చి నా ముందు మూత తీసింది. పట్టా ఉంది, దాని కింద ఆ నోటీసు ఉంది. రెంటి మధ్యా ఎండిన వేపాకు.

"పురుగు పట్టకుండా యాపాకు ఎయ్యరా ఎవురైనా?" అంది. "ఇంత మాత్రం ఎరగని వాళ్లనా సామీ, మీరు పేరు చెప్పమని అడిగింది?"